ఆ పెట్టెను ఎవరు చేయించారు?

హోసూరులో మా ఇంటి వసారాలో వారానికి రెండు సాయంత్రాలు నలుగురు పిల్లలకు తెలుగు పద్యాలు చెబుతుంటాను. బడిలో తమిళం, ఇంగ్లీషు. వీధిలో సగం కన్నడం. ఇంట్లో తెలుగు. తమిళాన్ని తప్పనిసరి చేసిన 2006 చట్టం తరవాత ఈ పిల్లల్లో చాలామందికి తెలుగు పద్యం బడి బయటి సంగతి అయిపోయింది. అందుకే ఈ వసారా.

మొన్నామధ్య నన్నయ ఆదిపర్వం లోని కర్ణ జననం చెప్పాను. దుర్వాసుడు మంత్రం ఇచ్చాడు, కుంతి దాన్ని పరీక్షించబోయింది, సూర్యుడు వచ్చాడు, కర్ణుడు పుట్టాడు, బిడ్డను ఏం చేయాలో తోచక ఆమె ఊగిసలాడుతుంటే నదిలో ఒక పెట్టె కొట్టుకొచ్చింది, బిడ్డను అందులో పెట్టి ఇంటికి పోయింది. ఎన్నోసార్లు చెప్పిన పాఠం. అర్థం, తాత్పర్యం, ఛందస్సు, అయిపోయింది అనుకుంటుండగా తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె అడిగింది: "సార్, ఆ పెట్టె ఎట్లొచ్చింది?"

సూర్యుడు పంపాడమ్మా అన్నాను.

"అట్లయితే కుంతి తప్పేముంది సార్? ఆయనే కదా పంపించింది."

పక్కనున్న పిల్ల ఊరుకోలేదు. "వాళ్ళమ్మకు చెప్పుంటే అయిపోయేది కదా."

ఈ రెండు మాటలూ నన్ను చాలా రోజులు వదల్లేదు. తెలుగు విమర్శ కుంతి గురించి తక్కువ రాయలేదు. ఆమె ధైర్యాన్ని, ఓర్పును, రాజనీతిని మెచ్చుకున్నాం. కర్ణుడి పక్షాన నిలబడి ఆమెను నిందించాం కూడా. ఆ పిల్లలు అడిగిన చోట నుంచి మాత్రం మనం కథను చూడలేదనిపిస్తుంది. మంత్రం పఠించేనాటికి కుంతి పెళ్ళి కాని పిల్ల. మూలంలో ఆమె తనను తాను బాలనని చెప్పుకొని క్షమించమని వేడుకుంటుంది. మనం మాత్రం పాండవుల తల్లి అయిన పెద్ద కుంతిని మనసులో పెట్టుకొని ఈ చిన్న కుంతిని చదువుతాం.

నన్నయ చేసిన పని ముందు చూడాలి. సంస్కృత ఆదిపర్వంలో ఈ కథ చాలా పొట్టిది. కుతూహలం కొద్దీ కుంతి సూర్యుణ్ణి పిలిచింది, కవచకుండలాలతో బిడ్డ పుట్టాడు, బంధువులకు భయపడి ఆ సంగతి దాచి బిడ్డను నీటిలో వదిలింది. అంతే. పెట్టె కూడా లేదు. ఆ చోట వ్యాసుడు ఆమె మనసులోకి పోలేదు.

నన్నయ పోయాడు. బిడ్డను చూస్తూ నిలబడ్డ పిల్ల చేత వరసగా ప్రశ్నలు వేయించాడు. ఆ ముని నాకీ మంత్రం ఎందుకివ్వాలి, దాని శక్తి చూడాలని నేనెందుకు కోరాలి, సూర్యుడు బిడ్డనెందుకివ్వాలి, వీడప్పటికప్పుడే ఎందుకు పుట్టాలి, లోకం అనే మాటల్ని నేనెట్లా ఆపాలి? బిడ్డను ఎత్తుకుపోతే జనం ఏమంటారన్న భయం ఒక పక్క, ఇంత అందమైన వాణ్ణి విడిచిపోవడానికి మనసొప్పకపోవడం ఒక పక్క. తెలుగులో ఒక చిన్న వయసు మనిషి తప్పు చేసి, ఆ తప్పు ముందు నిలబడి ఆలోచించడం ఇంత స్పష్టంగా వినిపించిన తొలి చోటు బహుశా ఇదే. అదీ పదకొండో శతాబ్దంలో.

ఆ ప్రశ్నల్ని కొంచెం పట్టి చూడండి. ముని ఎందుకిచ్చాడు, సూర్యుడెందుకిచ్చాడు, వీడెందుకు పుట్టాడు: ఇవన్నీ ఎదుటివాళ్ళ మీద వేసినవి. నేనెందుకు కోరాను అన్న ఒక్కటే తన మీద. అదీ మిగతావాటి నడుమ దాక్కున్నట్టు ఉంటుంది. పరీక్షలో కాపీ కొడుతూ దొరికిపోయిన కుర్రవాడు పక్కవాడు చీటీ ఎందుకిచ్చాడు, సారు అప్పుడే ఎందుకొచ్చాడు అని మొదలుపెట్టి చివర్లో నేనెందుకు తీసుకున్నాను అని గొణుగుతాడు చూడండి, అదే వరస. నన్నయ ఆ వయసును ఎక్కడ గమనించాడో గాని, సరిగ్గా గమనించాడు. అక్షరరమ్యత గురించి వందల పుటలు రాసుకున్న మనం ఈ గమనింపుకు ఇంకొంచెం చోటివ్వాల్సింది.

అయితే ఇంత ఎత్తుకు తీసుకుపోయి నన్నయ ఏం చేశాడు? ఒక చిన్న వచనంలో, సూర్యుడి ప్రేరణతో రత్నాలు నిండిన మందసాన్ని నది మీద తేలించి ఆమె దగ్గరికి పంపాడు. ఆమె బిడ్డను అందులో పెట్టి ఇంటికి పోయింది.

నా మట్టుకు నాకు ఇక్కడ కథ జారిపోయిందనిపిస్తుంది. ఆ పిల్ల నిర్ణయం తీసుకోవలసిన క్షణం అది. ఎత్తుకుపోవాలా, వదలాలా? ఆ రెంటి మధ్య ఆమెను అంతసేపు నిలబెట్టిన కవి, తీరా సమయం వచ్చేసరికి నిర్ణయాన్ని ఆమె చేతిలోంచి లాగేసుకున్నాడు. పెట్టె దానంతటదే వచ్చింది. రత్నాలు కూడా ఉన్నాయి గనక బిడ్డకు లోటూ లేదు. పాఠకుడు ఊపిరి పీల్చుకుంటాడు, కుంతీ పీల్చుకుంటుంది. మా వసారా పిల్ల పట్టుకున్నది ఈ సందునే. ఆయనే పంపిస్తే ఆమె తప్పేముంది?

దీనికి సమాధానం లేకపోలేదు. బిడ్డకు వసుషేణుడని పేరు వచ్చింది. వసువంటే ధనం. ధనంతో పుట్టినవాడు గనక ఆ పేరని మూలం చెబుతుంది. ధనం నిండిన పెట్టెను తెచ్చి నన్నయ ఆ పేరుకు కంటికి కనబడే ఆధారం కల్పించాడు. ఇది మంచి కథకుడి పని. ఇంకోటి, రాజరాజనరేంద్రుడు తాను చంద్రవంశం వాణ్ణని, పాండవులు తన పూర్వులని చెప్పుకున్న రాజు. భారతం వినాలన్న కోరికకు అదొక కారణమని నన్నయే పీఠికలో చెప్పాడు. అంటే రాజమహేంద్రవరం సభలో ఈ కథ వింటున్న మనిషికి కుంతి ముత్తవ్వల వరసలో ముత్తవ్వ. ముత్తవ్వ చిన్నప్పుడు చేసిన పనిని మనవడి ముందు చెప్పేవాడు గొంతు కాస్త తగ్గించుకుంటాడు. నన్నయ తగ్గించుకున్నాడు. నేను తప్పు పట్టడం లేదు, ఆ మర్యాదకు కథ చెల్లించిన ధర మాత్రం చెబుతున్నాను.

వ్యాసుడు ఇదే కథను అరణ్యపర్వం చివర మళ్ళీ చెప్పాడు. కర్ణుడి కవచకుండలాలను ఇంద్రుడు అడిగి తీసుకుపోయే సందర్భం. ఈసారి తీరిగ్గా, మొదటి నుంచి చెప్పాడు. నన్నయ అరణ్యపర్వం సగంలో ఆగిపోయాడు కాబట్టి ఆ భాగాన్ని తెలుగులో చెప్పే పని పద్నాలుగో శతాబ్దంలో ఎఱ్ఱన చేతికి వచ్చింది.

ఇక్కడ కుంతి చుట్టూ పెద్దవాళ్ళు కనిపిస్తారు. కోపిష్టి బ్రాహ్మణుడొకడు కుంతిభోజుడి ఇంటికి వచ్చి కొంతకాలం ఉంటానంటాడు. రాజు ఆయన సేవ మొత్తం పిల్లకు అప్పజెబుతాడు. ఆయనకు కోపం వస్తే నా కులమంతా కాలిపోతుంది సుమా అని హెచ్చరించి మరీ అప్పజెబుతాడు. వేళ కాని వేళ వస్తాడు, దొరకని తిండి అడుగుతాడు. ఏడాది పాటు ఆమె నోరెత్తకుండా చేసింది. పోతూ పోతూ ఆయన వరమడగమంటే, మీరూ మా నాయనా సంతోషిస్తే చాలు, నాకేమీ వద్దంది. వద్దన్నా వినకుండా మంత్రం ఇచ్చి పోయాడు. దానితో ఏ దేవతనైనా రప్పించవచ్చని చెప్పాడు. ఎప్పుడు వాడాలో, ఎప్పుడు వాడకూడదో చెప్పిన జాడ లేదు. ఇంట్లో పిల్లల చేతికందేలా నిప్పుపెట్టె పెట్టిపోయిన పెద్దమనిషిని మనం ఏమంటాం?

ఆమె పిలిచింది. సూర్యుడు వచ్చాడు. తిరిగి పొమ్మని వేడుకుంది. చిన్నతనం కొద్దీ చేశాను, నన్ను ఇచ్చే అధికారం మా తల్లిదండ్రులది అంది. ఊరికే తిప్పి పంపితే మీ నాయన్నీ, మంత్రమిచ్చిన వాణ్ణీ శపిస్తానన్నాడు. ఇంటిల్లిపాదీ కాలిపోతారన్న మాట వింటూ ఏడాది గడిపిన పిల్లకు మళ్ళీ అదే మాట, ఈసారి దేవుడి నోట. దీన్ని కుంతి తప్పు అనడానికి నాకు నోరు రావడం లేదు. ఏమవుతుందో చూద్దామన్న కుతూహలం ఒక్కటే ఆమెది. అది ఆ వయసుకు సహజం.

తప్పు అని చెప్పగలిగింది ఆ తరవాత మొదలైంది. ఈ కథనంలో బిడ్డ అప్పటికప్పుడు పుట్టడు. పది నెలలు ఆమె దాచింది. ఇంట్లో ఒక్క దాదికి తప్ప ఎవరికీ తెలియదు. బిడ్డ పుట్టాక ఆ దాదితో కలిసి ఒక పెట్టె సిద్ధం చేసింది. నీరు చొరకుండా మైనం పూసిన పెట్టె. లోపల మెత్తని పరుపు. అర్ధరాత్రి అశ్వనదికి పోయి వదిలింది. వదులుతూ ఏడ్చింది. నీటిలో, నేల మీద, ఆకాశంలో ఉన్న వాళ్ళందరూ నిన్ను కాపాడాలంది. నిన్ను కొడుకుగా తీసుకునే ఆ తల్లి ధన్యురాలంది. పెట్టె అశ్వనది నుంచి చర్మణ్వతికి, అక్కణ్ణించి యమునకు, గంగకు, చివరికి సూతుల సీమలోని చంపానగరానికి చేరింది.

ఆ మైనాన్ని గుర్తుపెట్టుకోండి. నన్నయ పెట్టెకు మైనం అక్కర్లేదు, దాన్ని దేవుడు పంపాడు. ఈ పెట్టెకు కావాలి, దీన్ని మనుషులు చేశారు. బిడ్డ మునిగిపోకూడదు అనుకున్న మనసే బిడ్డ నా దగ్గర ఉండకూడదు అని కూడా అనుకుంది. వదిలించుకోవడమూ కాపాడుకోవడమూ ఒకే చేత్తో చేసింది. నాకు ఈ కుంతి నన్నయ కుంతికంటే పెద్దగా కనిపిస్తుంది. ఆమె చేసింది తప్పే, కాని ఆ తప్పు పూర్తిగా ఆమెది. దేవుడు పంపిన పెట్టెలో బిడ్డను పెట్టిన పిల్ల మీద జాలి పడతాం. తాను చేయించిన పెట్టెకు మైనం సరిగ్గా పట్టిందో లేదో వేలితో తడిమి చూసుకుని ఉంటుంది అనిపించే పిల్లను మరిచిపోలేం.

(మా ఊరికి దూరం కాని సేలంలో 1992లో తమిళనాడు ప్రభుత్వం ఊయలలు పెట్టించింది. ఆడపిల్ల వద్దనుకున్న వాళ్ళు చంపకుండా అందులో పెట్టిపోవచ్చునని. కారణం వేరు, కాలం వేరు. అయినా ఆ వార్త చదివినప్పుడు నాకు ఈ మైనం పూసిన పెట్టే గుర్తొచ్చింది.)

ఇక రెండో పిల్ల ప్రశ్న. అమ్మకు చెప్పుంటే?

ఏ అమ్మకు? కుంతి పుట్టింది శూరుడి ఇంట, పృథ అనే పేరుతో. శూరుడు ఆమెను కుంతిభోజుడికి ఇచ్చేశాడు. ఉద్యోగపర్వంలో రాయబారానికి వచ్చిన కృష్ణుడితో మాట్లాడుతూ కుంతి ఈ మాట ఎత్తుతుంది. నా కష్టాలకు నన్ను గానీ సుయోధనుణ్ణి గానీ నిందించను, మా నాయననే నిందిస్తాను అంటుంది. చేతిలో బంతి పట్టుకుని ఆడుకుంటున్న తనను డబ్బు ఇచ్చేసినట్టు ఇచ్చేశాడంటుంది. అప్పటికి ఆమెకు మనవలున్నారు. అయినా చేతిలోని ఆ బంతి మరిచిపోలేదు.

చేతిలో బంతి ఉండగానే ఇచ్చివేయబడ్డ పిల్ల, తన బిడ్డను కూడా ఇచ్చేసింది. బిడ్డలు చేతులు మారతారన్న సంగతి ఆమెకు అందరికంటే ముందు తెలుసు. తెచ్చిపెట్టుకున్న ఇంట్లో పేరు చెడగొట్టుకుంటే ఏమవుతుందన్న భయం కన్నవారింటి పిల్లకు ఉండేదానికి రెట్టింపు ఉంటుంది. చెప్పడానికి ఉన్నది దాది ఒక్కతే. ఆమెకు దాచడంలో సాయపడే వీలుంది, ఎదుర్కోవడంలో సాయపడే అధికారం లేదు. వ్యాసుడు ఇదంతా ఒక చోట పోగుచేసి చెప్పలేదు. బంతి ఒక పర్వంలో, దాది ఒక పర్వంలో ఉన్నారు. చదివేవాళ్ళే కలుపుకోవాలి.

ఇంతవరకూ నాకు కుంతి మీద కోపం లేదు. కోపం వచ్చేది హస్తినాపురంలో, కుమారుల అస్త్రవిద్యా ప్రదర్శన నాడు. నన్నయ కూడా చెప్పిన ఘట్టమే. కవచకుండలాలతో కర్ణుడు రంగం మీదికి వచ్చాడు. అర్జునుడితో తలపడబోయాడు. కుంతి కొడుకును గుర్తుపట్టి మూర్ఛపోయింది. విదురుడు గంధపు నీళ్ళు చల్లించి తేర్చాడు. అప్పుడే కృపుడు కర్ణుణ్ణి నీ కులమేది, తల్లిదండ్రులెవరని అడిగాడు. కర్ణుడు తల వంచుకున్నాడు. ఆ ప్రశ్నకు జవాబు తెలిసిన మనిషి ఆ ప్రేక్షకుల్లో ఒక్కతే ఉంది, స్పృహలోనే ఉంది. నోరు విప్పలేదు. దుర్యోధనుడు అతణ్ణి అంగరాజును చేసినప్పుడు మాత్రం లోలోపల సంతోషించిందట.

ఆమె అప్పుడు చిన్నపిల్ల కాదు. ఐదుగురు కొడుకులకు పెద్ద దిక్కు. పైగా బిడ్డ ఏమయ్యాడో తెలియదనడానికి లేదు. చారుల ద్వారా అతను అంగదేశంలో పెరుగుతున్న సంగతి ఆమెకు తెలుసునని అరణ్యపర్వ కథనం స్పష్టంగా చెబుతుంది. పదమూడు పద్నాలుగేళ్ళ వయసులో భయంతో మూసిన నోరు, భయపెట్టినవాళ్ళందరూ పోయాక కూడా మూసుకునే ఉంది. మొదట్లో ఆ మౌనం ఆమెను కాపాడింది. తరవాత ఆమే ఆ మౌనాన్ని కాపాడుతూ వచ్చింది.

ఆ మౌనం వెల ఎంతో తిక్కన ఉద్యోగపర్వంలో తెలుస్తుంది. నదీతీరంలో చేతులెత్తి జపం చేస్తున్న కర్ణుడి వెనక, అతని ఉత్తరీయం నీడలో, వాడిన తామరదండలా కుంతి ఎదురుచూడడం మూలంలో ఉంది. ఎండ వీపుకు చురుక్కుమనే దాకా అతను జపం ఆపలేదు. ఆ ఎండ ఎవరిదో చెప్పనక్కర్లేదు. వెనుదిరిగి నమస్కరించి నేను రాధ కొడుకును, అధిరథుడి కొడుకును అని తన్ను తాను చెప్పుకున్నాడు. నువ్వు నా కొడుకువు అంది. అతను కేకలు వేయలేదు. నాకు శత్రువు కూడా చేయనంత అపకారం చేశావు, తల్లిగా ఏనాడూ నా మేలు చూడలేదు, ఇప్పుడు వచ్చింది కూడా నీ మేలు కోసమే అన్నాడు. అర్జునుడు తప్ప మిగతా నలుగురినీ చంపనని, నీ కొడుకులు ఎప్పటికీ ఐదుగురేనని మాటిచ్చాడు. ఆమె దుఃఖంతో వణుకుతూ అతణ్ణి కౌగిలించుకుంది. పెట్టెలో పెట్టిన రాత్రి తరవాత ఆ కొడుకును ఆమె తాకిందని భారతం చెప్పిన మొదటి సందర్భం అదే అనుకుంటాను.

ఇక్కడ మన సాహిత్య చరిత్రలోని ఒక చిత్రం చెప్పాలి. నన్నయ పదకొండో శతాబ్దంలో దేవుడు పంపిన పెట్టెతో కుంతిని కాపాడాడు. తిక్కన పదమూడో శతాబ్దంలో కర్ణుడి చేత ఆమెను నిలదీయించాడు. ఎఱ్ఱన పద్నాలుగో శతాబ్దంలో వెనక్కి పోయి ఆ పది నెలల రహస్యం చెప్పాడు. అంటే తెలుగులో చేసిన పని పూర్తి వివరం కంటే దాని ఫలితమే ముందు వచ్చింది. నన్నయ పెట్టె ఒక్కటే తెలిసిన పాఠకుడు తిక్కన దగ్గరికి వస్తే, కర్ణుడి కోపం కొంచెం ఎక్కువగా తోస్తుంది. పెట్టె పంపింది మీ నాయనే కదయ్యా అనబుద్ధవుతుంది. ఎఱ్ఱన వచ్చాకనే ఆ కోపానికి తగిన కారణం తెలుగులో పూర్తిగా దొరికింది. పాఠ్యపుస్తకాలకు నన్నయ భాగమే ఎక్కువగా ఎంచుకుంటాం. పద్యం బాగుంటుంది, చిన్నగా ఉంటుంది. ఎంచుకోండి, కాదనను. దాని పక్కన ఎఱ్ఱన పెట్టెను కూడా ఒక పుటలో చూపించండి. పిల్లలకు రెండు పెట్టెల తేడా చెప్పకపోయినా వాళ్ళే చెబుతారు.

తెలుగు నేలకు బయట ఉన్న మనకు ఇందులో ఒక వసతి ఉంది. ఈ కథను పొరుగు భాషల్లోనూ వింటూ పెరిగాం. తమిళనాడు ఉత్తర జిల్లాల్లో ద్రౌపదమ్మ తిరునాళ్ళలో తెల్లవార్లూ ఆడే కర్ణమోక్షం కూత్తు చూడని తెలుగువాళ్ళు మా పక్క తక్కువ. 1964లో శివాజీ గణేశన్ నటించిన కర్ణన్ సినిమాలో, మన రామారావే కృష్ణుడు, కుంతి యుద్ధభూమికి వచ్చి కొడుకును ఒళ్ళోకి తీసుకుని అందరి ముందూ ఏడుస్తుంది. జనం కోరిక అది. అతని ప్రాణం పోకముందే ఆ తల్లి నోరు విప్పాలి, అతను వినాలి. థియేటరులో ఆ చోట ఏడవనివాళ్ళను నేను చూడలేదు. మరాఠీలో శివాజీ సావంత్ 1967లో రాసిన మృత్యుంజయ నవలలో కొంత కథను కుంతి తానే చెప్పుకుంటుంది. కన్నడంలో భైరప్ప పర్వ 1979లో వచ్చింది, అందులోనూ కుంతి తలపోతలకు పెద్ద చోటుంది. ఆమెను మాట్లాడించాలన్న తపన ఇన్ని భాషల్లో ఇందరికి కలిగిందంటే, మూలంలో ఆ మౌనం ఎంత బరువుగా ఉందో చూడండి. అంతకు చాలా ముందే, పదో శతాబ్దంలో, పంపడు కన్నడంలో భారతం రాశాడు. అర్జునుడే నాయకుడైనా కర్ణుడి మీద ప్రేమ దాచుకోలేకపోయాడు. ఆయన్ను పోషించిన అరికేసరిది మన వేములవాడ. ఆయన తమ్ముడు జినవల్లభుడు కురిక్యాల శాసనంలో కన్నడ, సంస్కృత పద్యాలతో పాటు తెలుగు కంద పద్యాలూ చెక్కించాడు. బళ్ళారిలో, కోలారులో ఉండే మనవాళ్ళకు పంపడు పరాయివాడేమీ కాదు. ఆయన కర్ణుణ్ణి తెలుగు విమర్శ ఇంకొంచెం పక్కన పెట్టుకుని చదవాలి.

తమిళ సినిమా ఇచ్చినదాన్ని వ్యాసుడు ఇవ్వలేదు. కవిత్రయమూ ఇవ్వలేదు. యుద్ధం అయిపోయింది. గంగ ఒడ్డున చనిపోయినవాళ్ళకు నీళ్ళు వదులుతున్నారు. అప్పుడు కుంతి ఉన్నట్టుండి కొడుకులతో కర్ణుడికి కూడా వదలండి, అతను మీ అన్న అంది. ధర్మరాజు కుప్పకూలిపోయాడు. జూదం నాటి సభలో కర్ణుడి మాటలకు కోపం వచ్చినా, అతని పాదాల వైపు చూస్తే ఆ కోపం అణిగిపోయేదని, ఆ పాదాలు అమ్మ పాదాల్లా ఉండేవని, ఎందుకో తెలిసేది కాదని శాంతిపర్వం మొదట్లో చెప్పుకుంటాడు. రహస్యం అన్నేళ్ళూ అందరి కళ్ళ ముందే, నేల మీద, రెండు పాదాలుగా నడుస్తూ ఉంది. అంత బరువైన పోలికను నేను భారతంలో మరోచోట చూడలేదు.

ఆ దుఃఖంలో ధర్మరాజు ఆడవాళ్ళ నోట రహస్యం దాగకుండు గాక అని శపించాడు. ఆడవారి నోట నువ్వుగింజ నానదన్న సామెత చెప్పేటప్పుడు ఈ శాపాన్నీ కలిపి చెప్పి నవ్వడం మన పెద్దలకు అలవాటు. నాకు ఎప్పుడూ నవ్వు రాలేదు. దాచిపెట్టడం వల్ల కదా అంత జరిగింది. చెబితే ఇల్లు కాలిపోతుందని భయపెట్టి పెంచిన ఇంట్లో దాపరికం మొదలైంది. తల్లి మీద కోపం వచ్చిన కొడుకు ఒక మాటన్నాడు, సరే. మనం దాన్ని పట్టుకుని తరతరాలుగా ఆడపిల్లల్ని ఎగతాళి చేయడం ఏం సాహిత్యాభిరుచో నాకు తెలియదు.

మా వసారాలో తరవాతి సాయంత్రం ఇవన్నీ చెప్పాను. ఆ తొమ్మిదో తరగతి పిల్ల విని, "అయితే ఆమె ఎవరికీ చెప్పనే లేదా సార్, చివరికి కూడా?" అంది.

చెప్పింది. ఆశ్రమవాసపర్వంలో. కొడుకుల రాజ్యం వదిలి, ధృతరాష్ట్రుడితో, గాంధారితో అడవికి పోయింది కుంతి. వ్యాసుడు అక్కడికి వచ్చి మీకేం కావాలో అడగమన్నాడు. ముసలి కుంతి ఆనాటి కథ మొత్తం తన నోటితో చెప్పింది, దుర్వాసుడి నుంచి మొదలుపెట్టి. మంత్రం పఠించినందుకు ఆమె తనను నిందించుకోలేదు. సూర్యుణ్ణీ నిందించలేదు. తన కొడుకని తెలిసి తెలిసీ మూఢత్వంతో ఉపేక్షించాను, అదే నన్ను కాలుస్తున్నది అంది. మనం ఇన్ని శతాబ్దాలు వాదించుకున్న ప్రశ్నకు ఆమె జవాబు ఒక్క వాక్యం. నీటిలో వదలడం మాట కూడా కాదు, తెలిసీ ఊరుకోవడం. అతణ్ణి ఒక్కసారి చూడాలని ఉంది అంది.

నీ తప్పేమీ లేదన్నాడు వ్యాసుడు. నేనాయనతో పూర్తిగా ఏకీభవించను. కుంతి కూడా ఏకీభవించిందని చెప్పలేను. ఆ రాత్రి గంగలోంచి చనిపోయిన వీరులందరూ లేచి వచ్చారు. వాళ్ళలో కర్ణుడూ ఉన్నాడు, పెట్టె తేలిపోయిన అదే నీటిలోంచి.